కొండ దిగి వచ్చారు

ముందే ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మెట్రో కొత్తగా వచ్చిన రోజుల్లో డ్రైవరుకు కళ్లు తిరిగితే ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రైలు నేనే నడిపానని మా వీధిలో చెప్పింది నేనే, కాదనను. బాలాపూర్ లడ్డూ ముక్క ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి రెండు ముక్కలైందని చెప్పిందీ నేనే. అవి సరదాకి. ఇది అట్లాంటిది కాదు. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించాలి.

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ఒక ఎండాకాలం సెలవుల్లో నాయిన నన్ను నల్లగొండ దగ్గర మా ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో పెదనాన్న ఇంటికి తీసుకొచ్చాడు. చార్మినార్ చూపిస్తానన్నాడు, జూలో పులిని చూపిస్తానన్నాడు. రెండూ చూపించాడు, అక్కడ మాట తప్పలేదు. ఆ మర్నాడు నేను నిద్ర లేచేసరికి ఆయన లేడు. పొలం పనికి పోయిండు, బడి తెరిచేటాల్లకు ఒచ్చి తీస్కపోతడు అని పెద్దమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, పొయ్యి వైపు చూసింది. నేనప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

పెదనాన్న లారీ నడిపేవాడు. విజయవాడ రోడ్డు మీద ఎంత ఎక్కువ ఉండేవాడో ఇంట్లో అంత తక్కువ ఉండేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. నేను అన్నం తింటుంటే పెద్దమ్మ నా ఎదురుగా కూచుని ప్రతి ముద్దనూ చూసేది. అలా చూస్తుంటే నాకు హాయిగా ఉండేది, కొంచెం భయంగానూ ఉండేది. మా అమ్మకు నన్ను అలా చూసే తీరిక ఎప్పుడూ లేదు. మా అన్నకు కాళ్లు వంకర. మా ఊరి బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పిల్లలు మా వాడలో ఇంకా కొందరు ఉండేవారు. అమ్మ పొద్దున్నే అన్నను ఎత్తుకొచ్చి అరుగు మీద కూచోబెట్టి పనికి పోయేది, పొద్దుగూకాక వచ్చి మళ్లీ ఎత్తుకుని లోపలికి తీసుకుపోయేది. నా వంతు ఆ తర్వాత. అది తప్పని నాకెన్నడూ తోచలేదు.

పెదనాన్న ఇంటి పక్క పోర్షన్‌లో ఒక తాతగారు ఒక్కరే కిరాయికి ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. కొచ్చిన్ రేవులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే స్నానం చేసి నుదుటికి విభూతి పెట్టుకుని, తన వంట తనే చేసుకుని, ఆపైన ఇటుకంత మందమున్న ఒక పుస్తకం ముందేసుకుని కూచునేవారు. అది యూదుల పాత గ్రంథం, పాత కాలపు తెలుగులో ఉంది. కోఠీలో ఫుట్‌పాత్ మీద కొన్నారట. కొచ్చిన్‌లో ఆయన పక్కింట్లో ఒక యూదు పెద్దాయన ఉండేవాడు. శనివారం వస్తే పొయ్యి ముట్టించడు, దీపం ముట్టుకోడు, పుస్తకం మాత్రం వదలడు. ఆ పెద్దాయన దగ్గర ప్రతి శనివారం కూచుని, ఆ గ్రంథాన్ని ఎట్లా చదవాలో మా తాతగారు నేర్చుకున్నారు.

సాయంత్రమైతే నేను ఊరి మీద బెంగతో ఏడ్చేవాణ్ని. జర మాటలల్ల పెట్టుండ్రి అని పెద్దమ్మ ఆయన్ను అడిగింది. అట్లా నేను ఆ పుస్తకం దగ్గరికి చేరాను. మొదటి రోజే ఆయన నాకొక సంగతి చెప్పారు. ఇది మనది కాదు, మనం బయటివాళ్లం, వాళ్లింటి గుమ్మంలో చెప్పులు విప్పి కూచుని వింటున్నట్టు చదవాలి. తీర్పులు చెప్పకూడదు. ప్రశ్నలు మాత్రం ఎన్నైనా అడగొచ్చు, వాళ్లకు ప్రశ్నలంటే ఇష్టం. ఒక మాట ఎక్కువ కనిపిస్తే ఎందుకెక్కువైందని అడగాలట. ఒక మాట ఉండాల్సిన చోట లేకపోతే అది ఎటు పోయిందని అడగాలట. నాకు అది దొంగ-పోలీసు ఆటలాగా అనిపించి ఏడుపు తగ్గింది.

ఒక సాయంత్రం ఆయన కొండ కథ తీశారు. దేవుడు ఒక ముసలి తండ్రిని పిలిచి, నువ్వు ప్రాణంగా చూసుకునే కొడుకుని ఫలానా కొండ మీద నాకు బలి ఇవ్వమన్నాడు. తండ్రి తెల్లవారుతూనే లేచి, గాడిదను సిద్ధం చేసి, కట్టెలు కొట్టి, ఇద్దరు పనివాళ్లనూ కొడుకునూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. కొండ దగ్గర పనివాళ్లను ఆగమన్నాడు. మేమిద్దరం పైకి పోయి మొక్కి తిరిగొస్తాం అని వాళ్లతో చెప్పాడు. కట్టెలు కొడుకు మోశాడు. నిప్పూ కత్తీ తండ్రి పట్టుకున్నాడు.

మా ఊళ్లో మొక్కుకు కోడినిస్తారు, మేకనిస్తారు, పిల్లల్ని అడిగే దేవుణ్ని నేను చూడలేదు అన్నాను. ఆయన నవ్వలేదు. వాళ్ల పెద్దలు కూడా తరతరాలుగా ఆ చోట ఆగి తల పట్టుకుంటున్నారని చెప్పారు. పైకెక్కేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లారు అన్న మాట రెండుసార్లు వస్తుందట. ఒకసారి చెబితే చాలదా, రెండోసారి ఎందుకు? మధ్యలో కొడుకు అడిగాడు, నిప్పుంది, కట్టెలున్నాయి, బలికి గొర్రెపిల్ల ఏదని. దేవుడే చూసుకుంటాడన్నాడు తండ్రి. మొదటిసారి కలిసి నడిచినప్పుడు కొడుక్కు తెలియదు, రెండోసారి నడిచినప్పుడు తెలుసు, తెలిసీ పక్కనే నడిచాడు, అందుకే ఆ మాట రెండుసార్లు పడిందని వాళ్లలో కొందరన్నారట. ఆపైన కొండ మీద కత్తి ఎత్తడం, పైనుంచి వద్దని పిలుపు రావడం, పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడటం, అన్నీ చెప్పారు.

నాకు కావలసింది ఒక్కటే. మరి ఇంటికొచ్చిన్రా అని అడిగాను.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి నాతో అన్నారు.

"కొండ దిగి వచ్చారు బాబూ. కింద పనివాళ్లు లేచి నిలబడ్డారు. అందరూ కలిసి ఊరికి వెళ్లిపోయారు."

ఆ పూట నేను ఏడవకుండా పడుకున్నాను. కొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రే వాణ్ని వెంటబెట్టుకుని దిగొస్తే, ఒట్టి పొలం పనికి పోయిన మా నాయిన రాకుండా ఎట్లుంటాడు?

ఇక్కడ మా ఊరి మాట గురించి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఒకడొస్తే ఒచ్చిండు, ఇద్దరొస్తే ఒచ్చిన్రు. ఇంట్లో తండ్రయినా తాతయినా ఒక్కడే వస్తే ఒచ్చిండే, దానికి మర్యాద తక్కువేం కాదు. తాతగారి 'వచ్చారు' నా చెవిలో 'ఒచ్చిన్రు' అయి పడింది. అంటే ఇద్దరు. అందులో నాకు అనుమానమే రాలేదు.

బళ్లు తెరిచే రోజులు వచ్చాయి. మొదటి వాన పడింది. ఒక పొద్దున నేను లోపల గోళీలు లెక్కపెట్టుకుంటుంటే తాతగారు గేటు దగ్గర నుంచి పిలిచారు. "బాబూ, మీ ఊరి నుంచి వచ్చారు."

గోళీలు వదిలేసి పరిగెత్తాను. నాయిన గేటు లోపల నిలబడి ఉన్నాడు. ఆయన్ను దాటుకుని సందులోకి పోయి అటూ ఇటూ చూశాను. అమ్మేది అని అడిగాను. ఇంటికాడుంది అన్నాడు. వచ్చారన్నరు గదా అని తాతగారి వైపు తిరిగాను. మీ నాన్నగారు వచ్చారు కదా బాబూ అని ఆయన మామూలుగా అన్నారు. చేప ముల్లేదో గొంతులో దిగినట్టయింది. కానీ ఇంటికి పోతున్న సంబరంలో దాన్ని మింగేశాను.

నాయిన నా బట్టల సంచి భుజానికేసుకుని బయల్దేరాడు. పెద్దమ్మ కూడా సాగనంపడానికి మా వెనకే వచ్చింది. ఎల్‌బీ నగర్ దాకా సిటీ బస్సులో పోయి, అక్కడి నుంచి నల్లగొండ బస్సు పట్టాలి. దారి పొడుగునా నేను పులి సంగతులు, పక్కింటి పుస్తకం సంగతులు చెబుతూనే ఉన్నాను. ఆయన ఊ కొట్టాడు. అక్కడ దిగాక, దూపయితుంది, గా బండి కాడ సోడా తేపో అని నన్ను పంపాడు. గోళీ సోడాలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని, ఒలకకుండా మెల్లగా నడిచొచ్చాను. బస్సు కదులుతోంది. నాయిన కిటికీ పక్కన కూచోలేదు, నాకు మొహం కనబడకుండా అవతలి వరసలో కూచున్నాడు. నా బట్టల సంచి పెద్దమ్మ కాళ్ల దగ్గర ఉంది.

 రెండు సోడాలూ నేనే తాగానని మాత్రం గుర్తుంది. తిరిగి వస్తుంటే పెద్దమ్మ ఏడ్చింది. "నీకు నేనేం తక్కువ చేసిన బిడ్డా? కడుపున పుట్టకపోతే అమ్మను గానా?" అంది. అప్పుడు తెలిసింది నాకు, నన్ను సెలవులకు తేలేదు, పెంచుకోవడానికి ఇచ్చేశారని. నాయిన ఒకసారి చూసిపోదామని వచ్చాడు, నేను వెంటపడతానని బస్సు దాకా సంచి మోసి నాటకమాడాడు.

ఇంటికి రాగానే నేరుగా తాతగారి దగ్గరికి పోయాను.

"తాతా, కొండ దిగి ఎంతమంది ఒచ్చిన్రు?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కరే అన్నారు. పుస్తకం తెరిచి వేలితో చూపించారు. పైకెక్కేటప్పుడు రెండుసార్లు ఇద్దరూ అని చెప్పిన పుస్తకం, దిగేటప్పుడు తండ్రి పేరొక్కటే చెప్పింది. కొడుకు మాట ఎక్కడా లేదు.

"మరి మీరు ఒచ్చిన్రన్నరు."

"వచ్చారన్నాను. పెద్దాయన కదా, ఒక్కరైనా వచ్చారనే అంటాం మా వైపు. నువ్వు ఇద్దరనుకుంటావని నాకు తెలుసు. మీ పెద్దమ్మ నీకు చెప్పొద్దని చేతులు పట్టుకుంది. అబద్ధం ఆడకూడదు, నిజమూ చెప్పకూడదు. అందుకని మర్యాద చాటున దాక్కున్నాను బాబూ. తప్పే."

నాయిన చేసిన మోసానికి నాకు ఏడుపు వచ్చింది. దీనికి కోపం వచ్చింది. మోసం చేసే మనిషి గొంతు మారుతుందని, చూపు మారుతుందని అనుకునేవాణ్ని. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేకుండా, నన్ను బాబూ అని పిలుస్తూ, పక్కన కూచోబెట్టుకుని చేయొచ్చని ఆ రోజు తెలిసింది. ఆ కొడుకు ఎటు పోయిండని అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు. చదువు కోసం తండ్రి అతణ్ని ఒక గురువు దగ్గరికి పంపాడని కొందరు పెద్దలన్నారు. వేరే దారిన పోయి ఉంటాడని కొందరన్నారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఆ తర్వాత ఆ తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు ఆ పుస్తకంలో మళ్లీ ఎక్కడా లేదట.

"పోయేటప్పుడు వాళ్లమ్మను అడిగిన్రా?"

తాతగారు పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా దించారు. "ఆవిడ మాట ఈ పేజీలో లేదు," అన్నారు. తర్వాతి పేజీలో ఉందా అంటే పుస్తకం మూసేసి, మజ్జిగ తెస్తానని లోపలికి పోయారు.

నేను మజ్జిగ కోసం ఆగలేదు, తర్వాతి పేజీ కోసం ఆగాను. ఆయన వంటింట్లో ఉండగా తెరిచి, కూడబలుక్కుని చదివాను. కొండ కథ అయిపోగానే, ఎవరెవరికి ఎవరు పుట్టారో నాలుగు ముక్కలు చెప్పి, వెంటనే ఆ తల్లి చనిపోయిందని ఉంది.

తండ్రి ఒక్కడే ఇంటికి పోయాడు, తల్లి చనిపోయింది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. కొడుకు గురించిన వార్త చెవిన పడి ఆమె ప్రాణం పోయిందని వాళ్ల పెద్దల్లో కొందరు కూడా అన్నారని తాతగారు తర్వాత ఎప్పుడో చెప్పారు. ఆ క్షణాన నాకు ఆ పెద్దలెవరూ తెలియదు. నాయిన ఈపాటికి ఊళ్లో బస్సు దిగి ఉంటాడు. ఒక్కడే. అమ్మ వాకిట్లో నిలబడి చూస్తుంటుంది.

గోడ పక్కనుంచి సందులోకి, సందులోంచి పెద్దరోడ్డు మీదికి పడి ఉరికాను. చైతన్యపురి దాటాను, కొత్తపేట దాటాను. ఎల్‌బీ నగర్‌లో ఆగిన ప్రతి బస్సు దగ్గరికీ పోయి నల్లగొండ పోతదా అని అడిగాను. ఒక కండక్టరు, ఎవరితో ఒచ్చినవ్ రా అన్నాడు. మా అమ్మ సచ్చిపోతుందన్నాను. ఆయన కంగారుపడి నన్ను ఎక్కించుకోబోతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. తాతగారు. పంచె మోకాళ్ల దాకా ఎగదోపుకుని, ఒక కాలికే చెప్పుతో, మాట రాక రొప్పుతున్నారు. తిడతారనుకున్నాను. ఊపిరి తీసుకుని, మీ అమ్మను అడగాలని ఉందా అన్నారు. ఉందన్నాను. పద అన్నారు.

ఇద్దరం కలిసి ఆ బస్సే ఎక్కాం. దారిలో ఆయన ఒక్క కథ కూడా చెప్పలేదు. ఊళ్లో దిగేసరికి ఎండ నెత్తి మీదుంది. అమ్మ బతికే ఉంది. అన్న పక్కన అరుగు మీద కూచుని విత్తనానికి పల్లికాయలు ఒలుస్తోంది. ఇంటికి ఎవరో పెద్దమనిషి వచ్చాడని లేచి, తాతగారికి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. నాకూ మజ్జిగే ఇచ్చింది. మా ఇంటి కుండలో నీళ్లు నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఎందుకొచ్చినవంది. నువ్వు సచ్చిపోయినవనుకున్న అన్నాను. ఒలిచే చేతులు ఆగాయి. నాయిన నన్ను ఇచ్చొచ్చిన సంగతి నీకెరికేనా అని అడిగాను. అమ్మ నన్ను చూడలేదు, అన్న కాళ్ల వైపు చూసింది.

"నేనే పంపిన. మీ నాయిన వద్దన్నడు. ఈ నీళ్లు నీకొద్దు, పో."

అంతే. మళ్లీ పల్లికాయలు ఒలవడం మొదలుపెట్టింది. నాయిన సోడాకు పంపి చేసిన మోసం, తాతగారు మర్యాద చాటున చేసిన మోసం, రెండూ కలిపినా ఆ మాట ముందు చిన్నవైపోయాయి. ఆమెను కాపాడటానికి పోయాను. నన్ను కొండ ఎక్కించిందే ఆమె. సాయంత్రం బస్సుకు తాతగారితో తిరిగొచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బడికి పోయాను, పెద్దమ్మను అమ్మా అని పిలవడం అలవాటు చేసుకున్నాను. ఆమె నిజంగానే నాకేం తక్కువ చేయలేదు. నా కాళ్లు తిన్నగా ఉన్నాయి.

తాతగారితో మాట్లాడటానికి నాకు చాలా రోజులు పట్టింది. తర్వాత మళ్లీ ఆయన గుమ్మంలో కూచున్నాను, ఆ పుస్తకంలో ఎన్నో కష్టమైన చోట్లు ఇద్దరం కలిసి చదివాం. అది నా పుస్తకం కాలేదు, కానక్కర్లేదు కూడా. దాని దగ్గర నేర్చుకున్న చూపు మాత్రం నాతో ఉండిపోయింది. ఎవరేం చెప్పినా అందులో ఎవరి మాట లేదో వెతుకుతాను. అపార్ట్‌మెంటు మీటింగులో అందరం కలిసి అనుకున్నాం అంటే, ఆ అందరిలో వాచ్‌మన్ పెళ్లాం ఉందా అని అడుగుతాను. అందుకే నన్ను మీటింగులకు పిలవడం మానేశారు. మా ఇంట్లో పిల్లలు ఫలానావాళ్లు వచ్చారు అంటే, ఎంతమంది అని ఇప్పటికీ అడుగుతాను. నవ్వుతారు. నవ్వనీ.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఎల్‌బీ నగర్‌లో తాతగారు నా చెయ్యి పట్టుకున్నంతవరకూ నిజం. అడగాలని ఉందా అన్న మాటా నిజం. పద అన్నది కూడా నిజమే, కానీ ఆయన తీసుకుపోయింది దిల్‌సుఖ్‌నగర్‌కే. మేం ఏ బస్సూ ఎక్కలేదు. ఊరికి నన్ను దసరాకు గానీ పంపలేదు. అప్పుడు అమ్మ నాకు తలంటి పోసింది, కొత్త చొక్కా తొడిగింది, తిరుగు బస్సు దాకా వచ్చింది. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ తర్వాత ఆమె బతికిన అన్నేళ్లలోనూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

పల్లికాయలు నేను పెట్టినవి. మజ్జిగ నేనిచ్చింది. నేనే పంపిన అన్నది నా కల్పన, చాలా ఏళ్ల కింద అల్లుకున్నాను, ఇంట్లోవాళ్లకు కూడా అట్లాగే చెప్పాను. నన్ను ఇచ్చేటప్పుడు ఎవరైనా అమ్మను అడిగారో లేదో నాకు తెలియదు. ఆ కొండ కథలో తల్లికి ఒక్క మాట లేదు. మా అమ్మకైనా ఒకటి ఉండాలని రాశాను, అది నన్ను వదిలించుకునే మాటే అయినా సరే.